అత్రాఫె బల్దా నుండి బల్దియా దాకా: మంఖాల్ పరిపాలన చరిత్ర

ఏటా ఉపకారవేతనాల దరఖాస్తులు నింపే రోజులలో మన కళాశాల కార్యాలయం ముందు ఒక దృశ్యం కనిపిస్తూ ఉంటుంది. 'గ్రామము, మండలము, జిల్లా' అనే గడుల దగ్గరకు వచ్చేసరికి మంఖాల్, తుక్కుగూడ, శంషాబాద్ ప్రాంతాల విద్యార్థుల కలం ఆగిపోతుంది. ఒకరు మంఖాల్ గ్రామమని వ్రాస్తారు. మరొకరు తుక్కుగూడ పురపాలక సంఘమని వ్రాస్తారు. ఇంకొకరు ఏమీ తోచక హైదరాబాదు అని వ్రాసి ఊరుకుంటారు. ముగ్గురూ ఒకే వీధివారు కావచ్చు. ముగ్గురి మాటలోనూ కొంత సత్యం లేకపోలేదు. వారి తాతగారి పెట్టెలోని పాత కాగితం తీసి చూస్తే ఈ మూడు పేర్లూ గాక నాలుగవ పేరు కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఊరు కదలలేదు. చెరువు, మసీదు, గుడి, శ్మశానం ఉన్నచోటనే ఉన్నవి. కదిలినవి గీతలు మాత్రమే. ఆ గీతలు ఎవరు గీశారో, ఎందుకు గీశారో తెలుసుకొంటే దరఖాస్తులో ఏమి వ్రాయవలెనో తెలియడమే గాక, ఏ పనికి ఏ కచేరి మెట్లు ఎక్కవలెనో కూడా తెలుస్తుంది.

ముందుగా నిజాం రాజ్యంలో జిల్లాలు లేని కాలాన్ని ఊహించుకొందాము. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగం వరకు ఇక్కడ తాలూక్‌దారు అంటే ఉద్యోగి కాదు, గుత్తేదారు. ఇంత పైకం సర్కారుకు కడతానని ఒప్పుకొని ఒక ప్రాంతపు శిస్తు వసూలు చేసుకొనే హక్కును ఆతడు పొందేవాడు. అప్పులిచ్చిన సాహుకారులు, జీతపు బాకీ రావలసిన అరబ్బు, పఠాను సేనానాయకులు ఈ హక్కులను చేజిక్కించుకొనేవారు. కట్టినదానికి మించి ఎంత రాబట్టగలిగితే అంత వారి లాభం. రైతు కష్టం వినే నాథుడు లేడు. ఈ స్థితిలో 1853లో, బేరారు ప్రాంతం ఇంగ్లీషువారి అధీనమైన సంవత్సరంలోనే, ఇరవైనాలుగేళ్ళ మీర్ తురాబ్ అలీ ఖాన్ దివానుగా నియుక్తుడైనాడు. చరిత్రలో ఆయన సాలార్ జంగు అనే బిరుదనామంతోనే ప్రసిద్ధుడు.

సాలార్ జంగు గుత్తేదారులను ఒక్కొక్కరినే తొలగించి, జీతం పుచ్చుకొనే తాలూక్‌దార్లను నియమించుకొంటూ వచ్చాడు. 1865లో 'జిలాబందీ' పేర రాజ్యమంతటినీ జిల్లాలుగా విభజించాడు. కొన్ని జిల్లాల సముదాయం మీద ఉన్నతాధికారి, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, ఆయన క్రింద దోయం, సోయం తాలూక్‌దార్లు, తాలూకాకు తహసీల్దారు, ఊళ్ళు తిరిగి లెక్కలు సరిచూచే గిర్దావరు, ఊరిలో పటేలు, పట్వారీ: ఇదీ ఆ నిచ్చెన. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో జరిగిన పునర్విభజన నాటికి ఔరంగాబాదు, గుల్బర్గా, మెదక్, వరంగల్ అనే నాలుగు సుబాలు, వాటిలో పదునైదు జిల్లాలు ఉన్నవి. నగరం చుట్టూ ఉన్న ప్రాంతం ఈ లెక్కకు వెలుపల వేరే జిల్లా.

ఉర్దూ విభాగపు మిత్రులకు ఈ పదాలు కొత్త కాదు గాని తెలుగు మిత్రుల కోసం వాటి అర్థాలు చెప్పుట అవసరం. జిల్లా అనేది అరబ్బీ మాట. ప్రక్క, ప్రక్కటెముక అని దాని మూలార్థం. తాలూకా అనగా తఅల్లుక్, అంటే సంబంధం కలిగినది. తహసీల్ అనగా వసూలు. గిర్దావరు అనే ఫారసీ మాటకు చుట్టి వచ్చేవాడని భావం. ఈ పదాలన్నీ శిస్తు చుట్టూ తిరిగేవే. జిల్లా, తాలూకా అన్నవి ప్రజల సౌకర్యం కోసం పుట్టినవి కావు, పన్ను సక్రమంగా ఖజానాకు చేరడం కోసం పుట్టినవి. సాలార్ జంగు రైతుకు చేసిన మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నిర్ణీతమైన శిస్తు, రసీదు, ఫిర్యాదు చేసుకొనే చోటు, ఇవి ఆనాడు సామాన్యమైన వరాలు కావు. కాని ఆ నిచ్చెనలో రైతు మాట పైకి పోయే మెట్టు మాత్రం లేదు. ఊరి అధికారులైన మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ పదవులు వంశపారంపర్యంగా, వతను పద్ధతిన, తండ్రి నుండి కొడుకుకు సంక్రమించేవి.

ఇక నగరం చుట్టూ ఉన్న ఆ జిల్లా పేరు అత్రాఫె బల్దా. తరఫ్ అనగా దిక్కు, దానికి బహువచనం అత్రాఫ్. బల్దా అనగా పట్టణం. పట్టణానికి నాలుగు దిక్కులా ఉన్న నేల అని అర్థం. మిగిలిన జిల్లాలకు తమ ముఖ్యపట్టణాల పేర్లో, పాదుషాల పేర్లో ఉండగా దీనికి తనదంటూ ఒక పేరైనా లేదు. ఇంకొకరి ఇరుగుపొరుగుగా మాత్రమే దానికి గుర్తింపు. పైగా ఇది సర్ఫెఖాస్, అంటే నిజాం ప్రభువుల సొంత ఖర్చులకు కేటాయించబడిన జిల్లా. ఇక్కడి శిస్తు దివానీ ఖజానాకు గాక ప్రభువుల సొంత ఖజానాకు పోయేది. మధ్యమధ్య పాయగా ఊళ్ళు, జాగీరు ఊళ్ళు చెదరి ఉండేవి. శంషాబాద్ పేరే పాయగా ప్రభువుల బిరుదైన షంసుల్ ఉమరాను స్మరింపజేస్తుంది. పాయగాలకు సొంత న్యాయస్థానాలు, సొంత పోలీసు కూడా ఉండేవి. అందుచేత పక్కపక్క ఊళ్ళ రైతులు వేర్వేరు యజమానులకు శిస్తు కట్టేవారు, వేర్వేరు అధికారులకు మొర పెట్టుకొనేవారు. నేడు మంఖాల్ విద్యార్థి ఎదుర్కొనే తికమక నిన్న మొన్నటిది కాదన్నమాట.

సరిగా ఈ కాలంలోనే మరొక ఆసియా రాజ్యంలో ఇటువంటి మార్పే జరిగింది. దానిని ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఒక్క మాట: మండలం. నేటి థాయిలాండు అప్పటి సయాము. మన దగ్గర గుత్తేదారులు ఉన్నట్లే అక్కడ రాష్ట్రాలలో వంశపారంపర్య పాలకులు ఉండేవారు. వసూలు చేసిన దానిలో తమ వాటాను తామే ఉంచుకొనేవారు. ఆ పద్ధతికి వారి భాషలో ఉన్న పేరుకు అర్థం 'ఊరు తినడం'. ఇంతకంటె ముక్కుసూటి పేరు మరొకటి ఉండదు! చులలోంగ్‌కోర్న్ రాజు తన సోదరుడైన దామ్రోంగ్ రాజకుమారుని 1892లో ఆంతరంగిక వ్యవహారాల మంత్రిగా నియమించాడు. దామ్రోంగ్ 1915 వరకు ఆ పదవిలో ఉండి పాత పాలకుల స్థానంలో జీతగాళ్ళైన అధికారులను నిలిపాడు. చుట్టూ ఉన్న దేశాలను ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు కబళిస్తున్న రోజులలో, ఇల్లు తామే చక్కబెట్టుకొనకపోతే పరులు వచ్చి చక్కబెడతారని వారు గ్రహించారు. బేరారు పోగొట్టుకొన్న హైదరాబాదులో సాలార్ జంగుకు ఉన్న తొందర కూడా ఇటువంటిదే.

దామ్రోంగ్ కొన్ని రాష్ట్రాలను కలిపి చేసిన పెద్ద విభాగానికి 'మోంథోన్' అని పేరు. ఇది మన సంస్కృత మండల శబ్దమే. దాని క్రింద చాంగ్వాత్, అంటే జిల్లా వంటిది. దాని క్రింద అంఫో, దాని క్రింద తంబోన్, అన్నిటికంటె దిగువ మూబాన్ అనే పల్లె. మోంథోన్ పద్ధతి 1933లో రద్దయింది గాని దిగువ మెట్లు నేటికీ నిలిచి ఉన్నవి. బాంకాకు నగరం గాక 76 చాంగ్వాతులు, వాటిలో 878 అంఫోలు. ఆ దేశపు పటం తెరిస్తే మనవాడికి పరాయితనం తోచదు. కాంచనబురి అంటే కాంచనపురి, రాచబురి అంటే రాజపురి, ఉబోన్ రాచథానిలోని చివరి మాట మన రాజధానియే. పురపాలక సంఘాన్ని వారు 'థేసబాన్' అంటారు. అందులో ఉన్నవి దేశ, పాల శబ్దాలు.

మాటల పోలిక కంటె ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. 1897 నాటి స్థానిక పరిపాలన శాసనం ప్రకారం సయాములో మూబాన్ పెద్దను గ్రామస్థులే ఎన్నుకొనేవారు. ఆ పెద్దలు తమలో ఒకరిని తంబోన్ పెద్దగా, కమ్నాన్‌గా ఎన్నుకొనేవారు. జిల్లా అధికారి పైనుండి వచ్చేవాడే గాని అట్టడుగు మెట్టు మీద మాత్రం ఊరివారు కోరుకొన్న మనిషి ఉండేవాడు. మన వతనుదారు పటేలు పుట్టుకతో పటేలు. ఊరివారు అతనిని కోరుకొనలేదు, తొలగించనూలేరు. జిలాబందీలో లోపించిన మెట్టు ఏదో ఈ పోలిక వలన స్పష్టమవుతుంది. ఆ మెట్టు మన ప్రాంతానికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత మార్పులు వడివడిగా వచ్చినవి. 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ దివానీలో కలిసింది. అదే సంవత్సరం ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వెలువడింది. అత్రాఫె బల్దా, నగర పరిసరాలలోని బాగాత్ అనే మరొక జిల్లాతో కలిసి హైదరాబాదు జిల్లా అయినది. అవ్వల్ తాలూక్‌దారు కలెక్టరు అయినాడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోగా తెలుగు జిల్లాలు ఇక్కడ మిగిలినవి.

స్వపరిపాలన మెట్టు 1959లో వచ్చినది. ఆ అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్యాన్ని ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ, అదే నెలలో మన పొరుగున ఉన్న షాద్‌నగర్‌కు వచ్చి ఇక్కడ కూడ ప్రారంభించారు. 1964లో గ్రామపంచాయతీల శాసనం వచ్చినది. అప్పటినుండి మన ఊళ్ళకు రెండు జీవితాలు. ఈ సంగతిని విద్యార్థులు బాగా గుర్తుంచుకొనవలెను. తికమకలో తొంబై పాళ్ళు ఇక్కడే ఉన్నది.

మొదటిది రెవెన్యూ గ్రామం. సర్వే నంబర్లు, సేత్వారు, పహాణీ, నక్షా దాని ఆస్తి. తహసీల్దారు, కలెక్టరు దాని యజమానులు. భూమి ఎవరిదో చెప్పేది ఇదే. రెండవది పంచాయతీ గ్రామం. దీపాలు, నీళ్ళు, మురుగుకాలువ, ఇంటిపన్ను దాని పనులు. సర్పంచి, వార్డు సభ్యులు దాని పెద్దలు. ఈ రెండింటి హద్దులు ఒకటే కావలెనన్న నియమం లేదు. ఒక రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండవచ్చు. పంచాయతీ రద్దు అయినంత మాత్రాన రెవెన్యూ గ్రామం చావదు.

1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాను రెండు చేసి, నగరం చుట్టూ ఉన్న గ్రామీణ భాగాన్ని వేరే జిల్లాగా ఏర్పరచారు. మాజీ ఉపముఖ్యమంత్రి కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు దానికి పెట్టారు. వెనుకటి అత్రాఫె బల్దాకు ఎట్టకేలకు తనదైన పేరు లభించింది. కాని కలెక్టరు కచేరి మాత్రం జిల్లాలో లేదు, హైదరాబాదు నగరంలో లక్డీకాపూల్ వద్ద ఉండెను. తన హద్దులలో తన ముఖ్యస్థానం లేని జిల్లా అది. మంఖాల్ రైతు తన జిల్లా అధికారిని చూడవలెనంటే తన జిల్లా దాటి పోవలసి వచ్చేది. ఈ వింత నాలుగు దశాబ్దాలకు పైగా సాగింది. 2022 ఆగస్టు 25న కొంగర కలాన్‌లో నూతన కలెక్టరేటు భవనం ప్రారంభమైన తరువాతనే ఆ దూరం తగ్గింది. నా దృష్టిలో జిల్లాల పేర్ల మార్పుల కన్న ఈ ఒక్క భవనపు మార్పు ఈ ప్రాంతపు పేదవానికి ఎక్కువ మేలు చేసినది.

1980వ దశకం మధ్యలో రెండు పెద్ద సంస్కరణలు జరిగినవి. 1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా పటేలు, పట్వారీ, కరణం, మునసబు పదవులను ఒక్క వేటుతో రద్దు చేసింది. సుప్రీం కోర్టు మరుసటి సంవత్సరం ఈ రద్దును సమర్థించింది. తరతరాల వతను అంతమైనది. అయితే లెక్కలు వ్రాసే మనిషి లేకుండా ఊరు నడవదు. వేరు వేరు పేర్లతో గ్రామోద్యోగులు వచ్చారు. చివరకు గ్రామ రెవెన్యూ అధికారిగా స్థిరపడిన ఆ పదవిని తెలంగాణ ప్రభుత్వం 2020లో రద్దు చేసి ధరణి అనే యంత్రలేఖనాన్ని ప్రవేశపెట్టింది. 2025లో దాని స్థానే భూభారతి శాసనం వచ్చి, గ్రామ పాలనాధికారులు మళ్ళీ నియుక్తులైనారు. రెండు రద్దులూ ఊరిలో జరిగిన అక్రమాలను చూపియే జరిగినవి. రెండుసార్లూ ఆ మనిషి మరో పేరుతో తిరిగి రావలసి వచ్చింది. భూమి సంగతి భూమి మీద నిలబడి చూచేవాడు ఒకడు ఉండక తప్పదేమో!

రెండవ సంస్కరణ 1985 మే నెలలో వచ్చిన మండలాలు. తాలూకాలను చీల్చి రాష్ట్రమంతటా సుమారు 1,100 మండలాలు చేశారు. తహసీలు దగ్గరకు రావలెననుట ఉద్దేశం. మంఖాల్ మహేశ్వరం మండలంలో చేరింది. సయాములో అనేక రాష్ట్రాలను కలిపినది మండలం, ఇక్కడ తాలూకాను ముక్కలు చేసినది మండలం. ఒకే శబ్దం ఒక దేశంలో నిచ్చెన పైమెట్టుకు, మరొక దేశంలో క్రిందిమెట్టుకు పేరు కావడం భాషాభిమానులకు వినోదం. తహసీల్దారుకు బదులు మండల రెవెన్యూ అధికారి వచ్చాడు గాని, కొన్నేళ్ళకు ఆ అధికారికి తహసీల్దారు అనే పాత పేరే మళ్ళీ స్థిరపడింది. శాసనాలు ఎన్ని పేర్లు మార్చినా జనుల నాలుక మీది మాటకు ఆయువు ఎక్కువ.

ఆ తరువాతి కథకు కారణం విమానాశ్రయం. 2005 మార్చిలో శంకుస్థాపన జరిగి 2008 మార్చి 23 నుండి శంషాబాద్ విమానాశ్రయంలో రాకపోకలు ఆరంభమైనవి. బాహ్యవలయ రహదారి వచ్చింది. జొన్న చేల మీద ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. 2008లోనే హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇల్లు కట్టుటకు, లేఅవుటు వేయుటకు అనుమతుల అధికారం దాని చేతిలోకి పోయినది. అంటే రెవెన్యూ, పంచాయతీ అనే రెండు జీవితాలకు తోడు ఊరికి మూడవ యజమాని వచ్చాడు. 2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పది ఒకటి అయినవి, 2019లో మరి రెండు చేరి ముప్పది మూడు. ఆ విభజనలో వికారాబాదు, మేడ్చల్-మల్కాజిగిరి వేరైపోగా మంఖాల్ రంగారెడ్డి జిల్లాలోనే, కందుకూరు రెవెన్యూ డివిజనులో మిగిలింది. మహబూబ్‌నగర్ జిల్లా నుండి షాద్‌నగర్ ఈ జిల్లాలోకి వచ్చింది.

2018లో మంఖాల్ పంచాయతీ తుక్కుగూడ పురపాలక సంఘంలో కలిసింది. 2020 జనవరిలో ఎన్నికలు జరిగినవి. ఆ పాలకవర్గపు గడువు 2025 జనవరిలో తీరింది. ఆ సంవత్సరం డిసెంబరులో తుక్కుగూడ, శంషాబాద్ సహా నగరం చుట్టూ ఉన్న 27 పురపాలక సంస్థలను గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో విలీనం చేశారు. మన వార్తాపత్రికలు ఆ సంస్థను నేటికీ బల్దియా అనే వ్రాస్తున్నవి. బల్దా చుట్టూ ఉన్న నేల అని పేరుపొందిన సీమ బల్దియాలో చేరిపోవుటకు నూటయాభై సంవత్సరాలకు పైన పట్టింది.

విలీనం వలన వచ్చినదేమి, పోయినదేమి అని విద్యార్థులు వాదించుకొనుట నేను విన్నాను. రోడ్లు, దీపాలు, చెత్తబండ్లు మెరుగవుతాయని ఒకరు, పన్ను పెరుగుతుందని మరొకరు. రెండూ నిజమే కావచ్చు. కాని ఎవరూ ఎత్తని విషయాలు రెండున్నవి. పంచాయతీలో గ్రామసభ అనేది ఒకటి ఉండేది. ఓటు ఉన్న ప్రతి మనిషి, కూలివాడైనా, పర్దాలోని తల్లి అయినా, లేచి నిలబడి జమాఖర్చులు అడిగే హక్కు చట్టం ఇచ్చినది. పురపాలక సంఘంలో ప్రజలు కౌన్సిలరును ఎన్నుకొంటారు, ప్రశ్నలు ఆయన అడుగుతాడు. గ్రామసభకు ఎందరు వచ్చేవారు, వచ్చినవారిని మాట్లాడనిచ్చేవారా అంటే చెప్పడం కష్టమే. అయినా ఆ తలుపు తెరిచి ఉండేది. రెండవది కూలివాని పని. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం పల్లెలకే వర్తించేది. ఊరు పట్టణమైన నాడు ఆ జాబుకార్డు చెల్లకుండా పోతుంది. ఇంటి ముందు గేదె అదే, చేతిలో పార అదే, మనిషి మాత్రం కాగితం మీద పట్టణవాసి అయిపోయాడు.

సయాములో దీనికి మరొక రీతి కనిపిస్తుంది. 1905లో థా చలోమ్ అనే రేవుపల్లెలో వీధులు బాగుచేసుకొనుటకు బాంకాకు వెలుపల మొదటి పారిశుధ్య విభాగాన్ని స్థాపించారు. దాని పేరు 'సుఖాఫిబాన్', సుఖంగా పాలించుట అని అర్థం. పల్లెకూ పట్టణానికీ నడుమ ఇటువంటి మధ్యమెట్టుగా అవి దాదాపు ఒక శతాబ్దం ఉండి, 1999లో అన్నీ పురపాలక సంఘాలుగా మారినవి. మన రాజ్యాంగపు 74వ సవరణ కూడ పల్లె నుండి పట్టణంగా మారుతున్న చోట్లకు నగరపంచాయతీ అనే మధ్యమెట్టును చెప్పినది. మంఖాల్ ఆ మెట్టు మీద కాలు పెట్టనే లేదు. ఏడేళ్ళ వ్యవధిలో పల్లె నుండి మహానగరానికి ఒక్క గంతు.

దరఖాస్తుల సంగతికి వద్దాము. కుల, ఆదాయ, నివాస పత్రాలు ఇచ్చేది రెవెన్యూ శాఖ. కనుక వాటిలో మంఖాల్ రెవెన్యూ గ్రామం, మహేశ్వరం మండలం, రంగారెడ్డి జిల్లా అనియే వ్రాయవలెను. విలీనం దీనిని మార్చలేదు. ఇంటిపన్ను, నీటి కనెక్షను, జనన మరణ నమోదు పురపాలకుల పని, అక్కడ వార్డు, ఇంటి నంబరు వ్రాయవలెను. ఇంటి పత్రానికి, పొలం పత్రానికి వేర్వేరు కచేరీలని తెలియక ఒకే రోజున రెండు పనులకు బయలుదేరి, రెండూ కాక సాయంత్రానికి తిరిగి వచ్చినవారిలో నేనూ ఒకడిని.

పాత పొలం కాగితాలు ఉన్నవారు వాటిని పారవేయవద్దు. భూమి తగాదాలలో 1954–55 నాటి ఖాస్రా పహాణీకి న్యాయస్థానాలలో నేటికీ విలువ ఉన్నది. దానికి పూర్వపు పత్రాలు చాలా భాగం ఉర్దూలో, షికస్తా వ్రాతలో ఉంటాయి. పొలం ఉన్న ఎన్నో తెలుగు కుటుంబాలలో వాటిని చదవగలవారు మిగలలేదు. మన కళాశాలలో మాత్రం ఒకే బల్ల మీద ఉర్దూ చదివేవాడు, తెలుగు చదివేవాడు కూర్చుంటారు. సెలవులకు వెళ్ళి వచ్చేటప్పుడు ఆ కాగితాల నకళ్ళు తెచ్చి ఒకరికొకరు చదివి పెట్టుకొనవచ్చు. తేదీ దగ్గర ఆగవద్దు. అక్కడ ఉన్నది ఫసలీ సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హైదరాబాదు రాజ్యపు భూమిశిస్తు చట్టం 1317 ఫసలీ అంటే 1907వ సంవత్సరం. అయితే ఆనాటి ఫసలీ సంవత్సరం ఆజూరు మాసంతో, అనగా అక్టోబరులో మొదలయ్యేది గనుక, ఇస్ఫందార్, దాని తరువాతి నెలలు కనిపిస్తే మరొక సంవత్సరం కలుపుకొనవలసి రావచ్చు.